సింగారి అనే ఉత్తుత్తి గేదె

రోజు 6,931. ఆయుధపూజ. నోటితో చెప్పి అలమరలో దాచిన చిట్టా.

మూడో రాయి మకాంలో నిలవ గది చూసే త్రిమూర్తులు అనే నేను చెబుతున్నాను. అంతరిక్షంలో తిరిగే ఈ రాయి లోపల కాపురముంటున్న రెండు వందల పన్నెండు కుటుంబాలు దాచుకునే ఫోటోలు, పాటలు, సీరియళ్ళు, ఒకరి మీద ఒకరు చెప్పుకున్న చాడీలు, అన్నీ నా గదిలోని నల్ల అలమరల్లోకే వస్తాయి. నిన్నటికి అవి నూటికి తొంభై ఆరు పాళ్ళు నిండిపోయాయి. రేపు దసరా ఫోటోలు మొదలైతే ఇక చోటుండదు. మా మకాం పెద్ద అవతారంగారు వారం కిందటే గుమ్మంలో నిలబడి హెచ్చరించారు.

"ఏమయ్యా త్రిమూర్తులూ, పండగని మకాం మకామంతా బూజులు దులుపుకుంటోంది. నీ గదికి పండగ లేదా?"

నా గదిలో బూజంటే ఎవరూ వాడని ఉత్తుత్తి మెషీన్లు. పాత పుస్తకాల్లో వర్చువల్ మెషీన్ అని ఉంటుంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించేది అన్నమాట. దానికి ఒళ్ళుండదు గానీ పని మాత్రం చేస్తుంది. మా అవతారంగారికి సరిగ్గా వ్యతిరేకం.

ఏ మెషీను ఎవరిదో, ఏది వాడుతున్నారో, ఏది వదిలేశారో కనుక్కోవడానికి పదేళ్ళుగా ఇంటింటికీ తిరిగాను. "ఉంచండి, ఎందుకైనా మంచిది" అన్న మాట తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ ఏడు నాకు మంచి ఆలోచన తట్టింది. ఆయుధపూజ రోజు గాలి మెషీను, నీళ్ళ మెషీను తప్ప మిగతావన్నీ ఆపేసి, బొట్టు పెట్టి పడుకోబెట్టడం మా ఆచారం కదా. ఎవరిది వాళ్ళు ఆపుకుని, "మాది నిద్రపోతోంది, లేపకండి" అని పసుపు రాసిన కాగితం చీటీ తెచ్చి నా గుమ్మానికి కట్టిన దారానికి గుచ్చిపోతారు. కాబట్టి, చీటీ ఉన్న మెషీను పడుకున్నట్టు, చీటీ లేకుండా ఆగిపోయి ఉన్నది పోయినట్టు. పదేళ్ళుగా తేలని లెక్క ఒక్క పూటలో తేలిపోయింది.

చీటీ లేనివి ముప్ఫై ఏడు. వాటి పేర్లు చూస్తేనే నవ్వొచ్చింది. "కొత్తది", "కొత్తదానికంటే కొత్తది", "ఇదే చివరిది", "ఇదే చివరిది-2", "పరీక్ష-తాత్కాలికం-3". అన్నీ ఒక్క వేటుకి చెరిపేశాను. నిజంగా చెరపమంటారా అని మెషీను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అవునన్నాను. దానికి నా మీద నమ్మకం లేకపోతే నేనేం చేసేది?

ఇప్పుడు అలమరలు హాయిగా ఊపిరి పీలుస్తున్నాయి. నేను పులిహోర తినడానికి వెళుతున్నాను. పనికొచ్చేది ఒక్కటీ పోలేదు. అంతా భేషుగ్గా ఉంది.

రోజు 6,932. దసరా. చేత్తో రాసినది.

ఇది కాగితం మీద రాస్తున్నాను. మకాంలో కాగితం దొరకదు కనుక, నిన్న దారానికి గుచ్చిన చీటీలనే పీకి, వెనకవైపు రాస్తున్నాను. పసుపు చేతికి అంటుకుంటోంది. ఈ పాట్లు ఎందుకో రాస్తాను, కాస్త ఓపిక పట్టాలి.

పొద్దున్నే పళ్ళాలమ్మత్త వచ్చింది. నాకు నిజంగా అత్త కాదు, మకాంలో సగం మందికి అత్తే. డెబ్భై దాటింది. పంతొమ్మిదేళ్ళుగా మాకు పాలూ పెరుగూ పోసే మనిషి ఆవిడ. మూడో వీధి చివర పెద్ద స్టీలు పీపా ఒకటుంటుంది. నాలుగు రబ్బరు చన్నులు, తగరంతో చేసిన రెండు చెవులు, తోక స్థానంలో ఒక తెగిన కేబులు. ఒక చివర నాచు చెక్కలు, బియ్యం కడిగిన కుడితి పోస్తే ఇంకో చివర చిక్కటి పాలొస్తాయి. దాని పేరు సింగారి. పీపా దాని ఒళ్ళు మాత్రమే. దేన్ని ఎంత నానబెట్టాలో, ఎప్పుడు నెమరెయ్యాలో, ఎవరి మీద అలగాలో తెలిసిన బుర్ర ఒక ఉత్తుత్తి మెషీన్లో ఉంటుంది.

ఉండేది.

"ఒరే అబ్బాయ్, సింగారి లేవట్లేదురా," అంది అత్త.

"పండగ కదత్తా, బద్ధకించి ఉంటుంది."

"పంతొమ్మిదేళ్ళల్లో అది బద్ధకించడం నేనెరగను. నిన్న బొట్టెట్టి, చెవిలో చెప్పి, నా చేత్తో నేనే పడుకోబెట్టేను. ఇయ్యాల ఎంత పిలిచినా ఊఁ అనట్లేదు. చెవులైనా ఆడించట్లేదు."

"చీటీ పెట్టావా అత్తా?" అన్నాను.

"గేదెకి చీటీ ఏంట్రా నీ మొకం! చీటీలు మెషీన్లకి కదా?"

ఆవిడ చూడకుండా పాత జాబితా తిరగేశాను. పరీక్ష-తాత్కాలికం-3. పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు పెట్టిన పేరు. పక్కనే చిన్న గమనిక కూడా ఉంది. "గేదె ప్రయోగం. మూడు రోజులు చూసి తీసేయాలి."

అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నిన్న చిట్టాలో చెప్పిన మాటలే వరసగా బయటికొచ్చాయి.

"పనికొచ్చేది ఒక్కటీ పోలేదత్తా. అంతా భేషుగ్గా ఉంది. ఎక్కడో తీగ వదులై ఉంటుంది, చూస్తాను."

"నువ్వున్నావు కదా, నాకేం బెంగ," అని, కొంగు చాటునుంచి ఒక గిన్నె తీసి నా బల్ల మీద పెట్టింది. మొన్నటి పాలతో తోడుపెట్టిన పెరుగు. గిన్నె తలకిందులు చేసినా కదలనంత గట్టిగా ఉంది. ఆవిడ వెళ్ళాక దాన్ని చూస్తూ కూర్చున్నాను. నోట్లో పెట్టుకోలేకపోయాను.

తరవాత సలోమక్క దగ్గరికి పరిగెత్తాను. సలోమక్క నాకంటే ముందు నిలవ గది చూసింది. ఇప్పుడు పని మానేసి తొట్లలో మిరపమొక్కలు పెంచుకుంటోంది. జరిగినదంతా చెప్పాను.

"నకలు ఉందా తమ్ముడూ?" అంది, తల తిప్పకుండానే.

"లేదక్కా. పేరులో తాత్కాలికం అని ఉంటే నకలు తీయకూడదని రూలు."

"ఏ తెలివితక్కువ మనిషి పెట్టిన రూలది?"

"నువ్వే అక్కా."

"అలాగా," అని ఆవిడ ఇంకో మొక్కకి నీళ్ళు పోసుకుంది. ఆ మొక్కకి అప్పటికే నీళ్ళు పోసింది.

కాసేపటికి చెంబు కింద పెట్టి నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. "చెరిపేస్తే వెంటనే పోదు. నువ్వు పీకింది గుమ్మం మీది పేరు పలక ఒక్కటే. గేదె ఇంకా లోపలే ఉంది. కాకపోతే ఆ ఇల్లు ఖాళీ అని అలమర అనుకుంటోంది. ఇప్పుడెవరు ఏది దాచుకున్నా పట్టుకెళ్ళి దాని మీదే పడేస్తుంది. పడినంత మేరా గేదె పోయినట్టే. అది మళ్ళీ లేవాలంటే, మనం దాన్ని బయటికి తీసేదాకా మకాంలో ఎవరూ ఏదీ దాచకూడదు. ఒక్క ఫోటో కూడా."

"దసరా అక్కా ఇవాళ!"

"అందుకే తొందరపడమంటున్నాను."

"అలమరలు ఆపేస్తే?"

"గాలి మెషీను కూడా ఆగుతుంది. పోనీ జనానికి మాత్రం తాళం వెయ్యి. తాళాలు వేసే మెషీను ఒకటుండాలి, ఇదే చివరిది-2 అని."

నిన్న చెరిపినవాటిలో అదీ ఉంది. సలోమక్క నా మొహం చూసి తలపట్టుకుంది. "పోనీ, నువ్వు మాత్రం ఇకనుంచి చిట్టా చేత్తో రాసుకో. నీ సోది కూడా గేదెనే తింటుంది."

అదీ ఈ పసుపు చీటీల కథ.

రోజు 6,933.

నిన్న మధ్యాహ్నం అవతారంగారికి సగం నిజం చెప్పాను. అలమరలు నలతగా ఉన్నాయి, నాలుగు రోజులు ఎవరూ ఏమీ దాచకుండా ఉంటే కోలుకుంటాయి అన్నాను. ఆయన మైకులో అలాగే ప్రకటించారు. దాంతో, మళ్ళీ దాచుకోనిస్తారో లేదో అని ఎవరికి వాళ్ళు ఉన్నవన్నీ తెచ్చి దాచేసుకున్నారు. నిన్న మధ్యాహ్నం దాకా ఒక్క ఫోటో కూడా తీయనివాళ్ళు రెండేసి వందలు తీశారు. రెండో వీధిలో ఒకాయన ఉప్మా పెనాన్ని నాలుగు దిక్కులనుంచీ తీసి పెట్టుకున్నాడు. ఎందుకండీ అంటే, ఎందుకైనా మంచిదన్నాడు.

సలోమక్క నా గదిలో తిష్ట వేసి, సింగారి ఎంత మిగిలిందో లెక్క చూస్తోంది. దాచడాలు ఆగితే గానీ దాన్ని ఏరడం మొదలుపెట్టలేమట. పొద్దున తొంభై ఆరు పాళ్ళు. మధ్యాహ్నానికి తొంభై. సాయంత్రానికి ఎనభై ఆరు.

"బొమ్మల కొలువు ఫోటోలకి దాని రెండో పొట్ట సగం ఎగిరిపోయింది," అంది.

"గేదెకి ఎన్ని పొట్టలక్కా?"

"నాలుగు. మొన్నటిదాకా."

ఇక పెరుగు సంగతి. పెరుగు లేకుండా భోజనం ముగించడం మా వాళ్ళకి తెలియదు. పులుసన్నం తిన్నాక చెయ్యి కడుక్కోకుండా, ఏదో రావాల్సింది ఇంకా రాలేదన్నట్టు కంచం ముందు అలాగే కూర్చుండిపోతున్నారు. కొందరు డబ్బా పాలపొడి కలిపి తోడుపెట్టారు. పొద్దుటికి అది జిగురులా సాగింది. మా పక్కింటాయన దాంతో తెగిన చెప్పు అతికించుకున్నాడు. చెప్పు మాత్రం గట్టిగానే ఉందట.

పళ్ళాలమ్మత్త మాత్రం పీపా దగ్గరనుంచి కదల్లేదు. వీధి మలుపులో దాక్కుని చూశాను. నాచు చెక్క చిన్న చిన్న ముక్కలుగా తుంపి తొట్లో వేస్తోంది. "లేమ్మా, పండగ అయిపోయింది, లే," అంటోంది. తగరం చెవులు కిందికి వేలాడుతున్నాయి. నాకు నా మీదే అసహ్యం వేసింది. అయినా ఆవిడ ఎదటికి వెళ్ళలేక, వెనక వీధినుంచి తిరిగి ఇంటికొచ్చేశాను.

రోజు 6,934.

ఇవాళ సాయంత్రం సమావేశ మందిరంలో అవతారంగారి దసరా ఉపన్యాసం. ఏటా ఉండేదే. గంటా పది నిమిషాలు. ఈసారి మూడు కెమెరాలతో, మూడు వైపులనుంచీ తీసి భావి తరాలకి దాచిపెడతారని మధ్యాహ్నం తెలిసింది. ఆయన చేసిన ప్రకటన ఆయన ఉపన్యాసానికి వర్తించదట.

సలోమక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మూడు కెమెరాలంటే సరిగ్గా తలకాయ మీదికే వస్తుంది. పొట్టలో చిల్లులు పడితే అతుకు వెయ్యొచ్చు తమ్ముడూ. తలకాయ పోతే మనకి మిగిలేది పీపా."

నేను వెళ్ళేసరికి మందిరం నిండిపోయింది. అవతారంగారు జరీ కండువా సర్దుకుని, "ప్రియమైన మూడో రాయి సోదర సోదరీమణులారా," అన్నారు. కెమెరాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. నేను పరిగెత్తి మూడు తీగలూ ఒక్కసారే పీకేశాను.

"ఏంటయ్యా ఇది!" అన్నారాయన.

"మీ ఉపన్యాసం గేదె తలకాయ మీద పడుతోందండీ!"

జనం నవ్వారు. నా మొహం చూసి ఆగిపోయారు. అప్పుడు చెప్పేశాను. మైకు ముందే, అందరూ వింటూ ఉండగా. బూజు సంగతి, చీటీల సంగతి, మూడుసార్లు అవునన్న సంగతి, తెలిశాక కూడా రెండు రోజులు నోరు మూసుకున్న సంగతి. మీరు దాచుకున్న ప్రతి ఫోటో సింగారిని కొంచెం కొంచెంగా తినేసిందనీ, ఎందుకు దాచకూడదో మొదటి రోజే చెప్పి ఉంటే మీరెవరూ దాచేవాళ్ళు కాదనీ చెప్పాను.

మూడో వరసలో పళ్ళాలమ్మత్త లేచి నిలబడింది.

"దానికి నొప్పెట్టిందేంట్రా?" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"లేదత్తా. నిద్రలోనే ఉంది."

"ఇప్పుడెంతుంది?"

"ఎనభై ఒక్క పాళ్ళు."

"నేనొచ్చి అడిగిన పూటే చెప్పుంటే?"

"దాదాపు మొత్తం ఉండేది."

ఆవిడ మెల్లగా కూర్చుంది. నేను మైకు ముందే ఏడ్చేశాను. చిన్నపిల్లాడిలా ముక్కు కారింది కూడా. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ చిట్టాలో ఇక అబద్ధాలు రాయదలచుకోలేదు.

మొదట కదిలింది ఉప్మా పెనం ఆయన. ఫోటోలు తీసే తన చేతిపలక ఆపేసి, తెచ్చి అత్త పాలబకెట్లో పడేశాడు. తరవాత ఒక్కొక్కరే లేచారు. బకెట్టు నిండింది, ఇంకోటి తెచ్చారు. చివరికి అవతారంగారు కూడా గొంతు సవరించుకుని, "సరే, నా ఉపన్యాసం దాచకుండా ఉత్తినే చెబుతాను," అన్నారు.

"వద్దండీ," అన్నారు అందరూ ఒకేసారి. మూడో రాయి మీద ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

రోజు 6,936.

రెండు రోజులుగా సింగారిని ఏరుతున్నాం. సలోమక్క పాత పెట్టెలోంచి తన పనిముట్టు ఒకటి తీసింది. అది అలమరల్లో ఖాళీ అనుకున్న చోటంతా గాలించి, దొరికిన ముక్కల్ని కుప్ప పోస్తుంది. పదకొండు వేల ముక్కలు తేలాయి. ఏ ముక్క తరవాత ఏది రావాలో రాసి ఉన్న పట్టికే ముందు పోయింది. పైగా ఆ కుప్పలో సింగారివే కాదు, పంతొమ్మిదేళ్ళుగా మకాం పారేసిన చెత్తంతా కలిసిపోయింది.

"దీన్ని వరసలో పెట్టడం నా వల్ల కాదు," అని సలోమక్క చేతులెత్తేసింది. "చూడ్డానికి అన్నీ అంకెలే. కొన్నిట్లోంచి చప్పుడు మాత్రం వస్తోంది."

"వినిపించండి," అంది పళ్ళాలమ్మత్త. నిన్నటినుంచి ఆవిడ నా గదిలోనే పీట వేసుకుని కూర్చుంది. నాతో మాట్లాడదు. సలోమక్కతోనే మాట్లాడుతుంది.

వినిపించాం. నాకు అన్నీ ఒకేలా గుర్రు గుర్రుమన్నాయి. అత్త కళ్ళు మూసుకుని వింది.

"ఇది కుడితి ఆలీసమైనప్పుడు. ఇది నాచు చెక్క మార్చిన యేడు, నెల్లాళ్ళు అలిగింది. ఇది నాకు జొరమొచ్చి మూడు రోజులు రానప్పుడు."

ఒక ముక్క దగ్గర కళ్ళు తెరిచింది. "ఇది సింగారి కాదు."

"మరేంటత్తా?"

"అవతారంగారు కుర్చీలో నిద్రోతన్నారు."

తీరా చూస్తే నిజమే. పన్నెండేళ్ళ కిందటి సమావేశం తాలూకు రికార్డు. ఆయన్ని జాగ్రత్తగా పక్కన పెట్టాం.

అసలు చిక్కు వీడింది ఇవాళ మధ్యాహ్నం. ఒక ముక్కలో సింగారి నెమరేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. అత్త వేళ్ళు మడుస్తోంది.

"ముప్ఫై ఒకటి," అంది. "అది ముద్దకి నలభై రెండుసార్లు నవులుద్ది. ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. మిగతా పదకొండూ ఇంకో ముక్కలో ఉంటాయి. ఎతకండి."

వెతికాం. పదకొండుసార్లు నమిలి, మింగి, తేన్చిన ముక్క ఒకటి దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే అతుకు కనబడకుండా కలిసిపోయాయి. సలోమక్క కుర్చీలోంచి లేచి అత్తని కావిలించుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి లెక్క చూడలేదంది. ఇప్పుడు ముగ్గురం కూర్చుని నమలడం లెక్కపెడుతున్నాం. పద్దెనిమిదికి ఇరవై నాలుగు. తొమ్మిదికి ముప్ఫై మూడు. భోజనం చేస్తుంటే కూడా నేను నమిలింది లెక్కపెట్టుకుంటున్నాను.

రోజు 6,939.

లేచింది!

రెండుసార్లు మొరాయించింది. మూడోసారి కేబులు తోక ఒక్కసారి ఊగింది. తరవాత తగరం చెవులు టకటకమని కొట్టుకున్నాయి. పీపాలోంచి పొడుగ్గా ఒక అరుపు వచ్చింది. మూడో వీధంతా చెంబులూ గిన్నెలూ పట్టుకుని నిలబడ్డ జనం ఒకటే కేకలు. సలోమక్క లెక్క ప్రకారం తొంభై మూడు పాళ్ళు లేచింది. పోయిన రెండో పొట్టని మూడో పొట్ట చూసి అంటుకట్టిందట. ఎడమ చెవి ఎందుకో ఊరికే తిరుగుతోంది. అవతారంగారి గురక ఏమైనా మిగిలిపోయిందేమో.

అత్త బకెట్టు తీసుకుని పీట మీద కూర్చుంది. "సింగారీ, నా తల్లీ," అంది. చన్ను పట్టుకుని పితికింది.

చుక్క రాలేదు.

తెలిసిన గొంతు పిలిస్తేనే గేదె చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. ఉత్తుత్తి గేదె అయినా అంతే. అత్త మళ్ళీ పిలిచింది. పంతొమ్మిదేళ్ళుగా పిలిచిన పిలుపే. సింగారి అరిచింది గానీ, ఎవరినో వెతుకుతున్నట్టు చెవులు అటూ ఇటూ తిప్పింది. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

సలోమక్క వెళ్ళి అలమరలో చూసొచ్చింది. తిరిగొచ్చాక నా వైపు అదోలా చూసింది.

"గొంతు గుర్తుపట్టే చోట చిల్లు పడింది. నువ్వు చెరిపిన వెంటనే, అన్నిటికంటే ముందు దాచినదేదో అక్కడ కూర్చుంది. పీకడానికి లేదు, చుట్టూ అతుక్కుపోయింది."

"ఏం కూర్చుంది?"

ఆవిడ మీట నొక్కింది. వీధంతా నా గొంతు మోగింది.

"పనికొచ్చేది ఒక్కటీ పోలేదు. అంతా భేషుగ్గా ఉంది."

సింగారి రెండు చెవులూ నిక్కించింది. నాలుగు చన్నుల్లోంచీ ఒకేసారి పాలు జల్లున కారి, బకెట్టు అక్కడ లేక, నేల పాలయ్యాయి.

జనం పడీ పడీ నవ్వారు. చెంబులు జారిపోయేట్టు నవ్వారు. అత్త నవ్వలేదు. వంగి బకెట్టు చన్నుల కిందికి జరిపి, "ఇంకోసారి ఎట్టమ్మా," అంది సలోమక్కతో. రెండోసారి రికార్డు వేస్తే సింగారి చెవులు పక్కకి తిప్పేసుకుంది. అది అరిచినప్పుడు తిరిగి పలికే మనిషి కావాలి దానికి. నేను ముందుకొచ్చి ఆ మాటలే అన్నాను. అది ఊఁ అంది. నేనూ ఊఁ అన్నాను. బకెట్టు నిండింది.

"దీనికి మళ్ళీ నీ గొంతు నేర్పాలంటే ఒకటే దారి అత్తా," అంది సలోమక్క. "మొత్తం తుడిచేసి, దూడ దగ్గర్నుంచి మొదలెట్టాలి."

"వద్దు," అంది అత్త. "నన్ను మర్చిపోతే పోనియ్యి. బతికుంది కదా."

రోజు 6,958.

కొత్త పద్ధతులు అమల్లోకి వచ్చాయి. మెషీన్ల పేర్లలో తాత్కాలికం అన్న మాట నిషేధం. సింగారి మెషీను పేరు ఇప్పుడు సింగారి. దానికి రోజూ రెండు నకళ్ళు తీస్తున్నాం. దేన్నైనా చెరపాలంటే చీటీ చూస్తే చాలదు, ఆ ఇంటికి వెళ్ళి మనిషిని అడగాలి. ఇది నేనే పెట్టిన రూలు.

నా దినచర్య కూడా మారింది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పీపా ముందు నిలబడి నా గొప్ప వాక్యం చెప్పాలి. వరసలో ఉన్నవాళ్ళు నాతో పాటు పలుకుతారు. కొందరు రాగం కూడా కట్టారు. పెద్ద మకాంలో మంచి ఉద్యోగం ఉంది రమ్మని పోయిన వారం నాకు కబురొచ్చింది. అక్కడ కిటికీలున్నాయట. రాలేనని చెప్పాను. కారణం అడిగితే, గేదె ఒప్పుకోదన్నాను. మళ్ళీ అడగలేదు.

అత్త నాకు పితకడం నేర్పుతోంది. బొటనవేలు లోపలికి మడవకూడదట. ఆవిడ నాతో మాట్లాడేది ఇంతవరకే.

రోజు 6,981.

ఇవాళ వరస మొదలుకాక ముందే వెళ్ళాను. ఎవరూ లేరు. పీపా పక్కన నిలబడి, దాని స్టీలు డొక్క మీద చెయ్యి వేశాను. నలభై రెండు రోజులుగా రెండు పూటలా అబద్ధం చెప్పి చెప్పి నోరు చేదెక్కింది. ఒక్కసారైనా నిజం చెప్పాలనిపించింది.

"సింగారీ," అన్నాను. "నిన్ను చెరిపింది నేనే. చీటీ లేదని చూశాను గానీ, ఎవరినీ అడగలేదు. అడిగిన మనిషికి అబద్ధం చెప్పాను. నీలో పోయినదంతా నా వల్లే పోయింది. తప్పయిపోయింది."

సింగారి ఎడమ చెవి ఊరికే తిరిగింది. చన్ను పట్టుకుని చూశాను. చుక్క లేదు.

"దానికెందుకురా ఇయ్యన్నీ?"

వెనక్కి తిరిగాను. పళ్ళాలమ్మత్త బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. వచ్చి పీట వేసుకుని నా పక్కనే కూర్చుంది. తోక కేబులుకి అంటిన నాచు కొంగుతో తుడిచింది.

"అది ఇనలేదత్తా," అన్నాను.

"అది ఇనకపోతే ఏం? నేనిన్నాను లే."

ఆవిడ బకెట్టు చన్నుల కిందికి జరిపి, నా మోచేతి మీద ఒక్కటి చరిచింది.

"కానియ్యి, జనం వచ్చేత్తన్నారు. నీ అబద్ధం చెప్పు."

గొంతు సవరించుకున్నాను.

"పనికొచ్చేది ఒక్కటీ పోలేదు," అన్నాను. "అంతా భేషుగ్గా ఉంది."

సింగారి ఊఁ అంది. మేమిద్దరం ఊఁ అన్నాం. బకెట్లో పాలు పడ్డాయి.